కప్పు కింది అడవి

అడవికి కప్పు వేస్తున్నారన్న కబురు మోసుకొచ్చింది ఈవాల్డే. సహకార దుకాణానికి కాఫీపొడి కోసం వెళ్ళినవాడు ఆ సంగతి పూర్తిగా మరిచిపోయి, గుమ్మంలోంచే కేకేశాడు.

"విన్నావా మైకెన్? తోర్షోన్ చెరువు పైనున్న వాలు మీద ప్లాస్టిక్ కప్పు వేస్తారట. ఇంటికి కాదు, గొడ్లపాకకి కాదు, అడవికి! కింద వాన పడకుండా!"

"కాఫీపొడి ఏదీ?"

"అడవికి గొడుగు పడుతున్నారే అంటే కాఫీపొడి గోలేంటే నీకు!"

మర్నాడు మైకెన్ తనే దుకాణానికి వెళ్ళింది. తలుపు మీద అంటించిన కాగితాన్ని రెండుసార్లు చదివింది. దళసరి గుడ్డ కుట్టడం వచ్చినవాళ్ళు, అన్ని కాలాల్లోనూ అడవిలో నడవగలిగినవాళ్ళు కావాలని ఉంది అందులో. ఆమెకి అప్పుడు యాభై ఆరేళ్ళు. బొరోస్ పట్నంలోని బట్టల మిల్లులో ముప్ఫై ఒక్కేళ్ళు పనిచేసింది. చివరి పద్దెనిమిదేళ్ళూ ఆమె పని ఒక్కటే. దీపాలు వెలిగే బల్ల మీదుగా గుడ్డ జారిపోతుంటే, ఎక్కడ పోగు తప్పిందో, ఎక్కడ ముడి పడిందో కనిపెట్టి వేలు పెట్టి చూపించడం. మిల్లు మూతపడి రెండు చలికాలాలు గడిచాయి. తప్పులు పట్టే ఆ ఉద్యోగం ఇంట్లో మాత్రం ఇంకా నడుస్తూనే ఉందని ఈవాల్డ్ అందరితోనూ అంటూండేవాడు.

ఈవాల్డ్ ఎగతాళి వెనక ఒక బాధ ఉంది. అతను ఆ చెరువు ఒడ్డున పుట్టి పెరిగాడు. పదేళ్ళ వయసుకే వల లాగాడు. తర్వాత కళ్ళముందే చేపలు పోయాయి. ముందు మోర్ట్ చేపలు పోయాయి. ఆ తర్వాత ఆగస్టులో ఊరంతా బల్లలేసుకుని తినే మంచినీటి రొయ్యలు. చివరికి ఏ చేపా లేదు. నీళ్ళు మాత్రం అద్దంలా తేరాయి. వేసవికి వచ్చే పట్నంవాళ్ళు "ఎంత శుభ్రంగా ఉందో!" అంటే ఈవాల్డ్ మొహం తిప్పుకునేవాడు. ఆ శుభ్రమంతా చావే. అడుగున తెల్లనాచు బొంతలా పరుచుకుంది. దక్షిణాన ఎక్కడెక్కడి దేశాల్లోనో కాలిన బొగ్గుపొగలోని గంధకం నలభై ఏళ్ళుగా వానలో కలిసి ఈ కొండల మీద కురిసింది. వాళ్ళ బావినీళ్ళు సైతం పులిసి రాగి గొట్టాలని తినేశాయి. ఆ నీళ్ళతో తలంటుకుని మైకెన్ బంగారురంగు జుట్టు ఒక ఏడాదిపాటు ఆకుపచ్చగా మారితే, ఆమె ఎండాకాలంలో కూడా తలకి రుమాలు కట్టుకుని తిరిగింది.

మైకెన్‌ని పనిలోకి తీసుకున్న, అడవి పని చూసే అమ్మాయి పేరు డీసా. ఉత్తరాది మనిషి. ముప్ఫై ఏళ్ళుంటాయి. పెద్ద బూట్లు వేసుకుని గబగబా నడుస్తుంది, మాట మాత్రం నిదానం. ఆమె చెప్పింది విన్నాక మైకెన్‌కి ఆ కప్పు పిచ్చిపనిలా అనిపించలేదు. వాలు మొత్తం మీద, చెట్ల కొమ్మలకి కిందగా, తేటగా ఉండే ప్లాస్టిక్ రేకులు పరుస్తారు. చెట్ల మొదళ్ళు కప్పుకి పెట్టిన కంతల్లోంచి పైకి వెళ్తాయి. పులుపు వాన కప్పు మీద పడి బయటికి పోతుంది. కింద నేలమీద మాత్రం శుభ్రం చేసిన నీళ్ళని, పూర్వం కురిసిన వానలాంటి నీళ్ళని, చిమ్ముడు గొట్టాలతో కురిపిస్తారు. వాలు అడుగున చిన్న వాగుంది. దానికి అడ్డుగా చెక్కగోడ కట్టి, వచ్చే నీళ్ళని వారం వారం కొలుస్తారు.

"పొగ ఆగిపోతే అడవి కోలుకుంటుందా, కోలుకుంటే ఎన్నేళ్ళకి? అందరూ అడిగే ప్రశ్న అదే," అంది డీసా. "పొగ ఆగేదాకా కూర్చోలేం కదా మైకెన్. అందుకని ఇక్కడ ఈ కాస్త నేల మీద ముందే ఆపేస్తున్నాం."

చిక్కు వచ్చింది కంతల దగ్గరే. ఇంజనీర్లు ప్రతి చెట్టు మొదలుకీ రబ్బరు పట్టీ బిగించారు. మొదటి గాలికే సగం పట్టీలు తెగాయి, మిగిలినవి బెరడుని ఒరుసుకుని గాయం చేశాయి. మైకెన్ సూదుల్లాంటి ఆకులుండే ఒక స్ప్రూస్ చెట్టు మీద అరచెయ్యి ఆనించి, గాలి వచ్చేదాకా అలాగే నిలబడింది. గాలి వచ్చింది. చెట్టు ఆమె చేతి కింద మెల్లగా కదిలి మళ్ళీ తన చోటికి వచ్చింది.

"ఇది ఊగుతుందమ్మాయ్. పైగా ఏటేటా లావవుతుంది. ఊపిరాడకుండా నడుం బిగిస్తే తెంపుకోక ఏం చేస్తుంది?"

ఇంటికెళ్ళి దళసరి గుడ్డతో ఒక పట్టీ కుట్టింది. లంగాకి పెట్టినట్టు దానికి కుచ్చిళ్ళు పెట్టి, పైన బొందు వేసింది. చెట్టు ఊగితే కుచ్చిళ్ళు విచ్చుకుంటాయి, లావైతే బొందు వదులు చేసుకోవచ్చు, నీళ్ళు మాత్రం లోపలికి దిగవు. వాలు మీద మూడువందల ఎనభై చెట్లున్నాయి. చలికాలమంతా కుట్టింది. వంటింటి బల్ల నిండా గుడ్డలే.

"నాకు ఒక చొక్కా కుట్టమంటే పండగ రానీ అంటావ్. స్ప్రూస్ చెట్లకి మాత్రం లంగాలు!" అన్నాడు ఈవాల్డ్.

"అవి నీలా రోజంతా వాగవుగా," అంది మైకెన్, దారం పళ్ళతో తెంపుతూ.

మొదటి శరదృతువులో చెట్ల సూదాకులు రాలి కప్పు మీద గోధుమరంగు దుప్పటిలా పడ్డాయి. మైకెన్ చీపురు తెచ్చి అన్నీ ఒక పక్కకి తోసి పారబోయబోతుంటే డీసా పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో పారేయకండి! అవి కిందికి వెళ్ళాలి."

"చెత్తే కదా?"

డీసా మోకాళ్ళ మీద కూర్చుని, నాచు కిందనుంచి అరచేయంత నైలాన్ వల సంచీ ఒకటి పైకి తీసింది. నాలుగేళ్ళ క్రితం, కప్పు ఆలోచన కూడా లేనప్పుడు, అందులో రాలిన సూదాకులు తూచి నింపి పెట్టారట. ఇప్పుడు అందులో సూదాకులు చాలావరకు లేవు. నల్లటి పొడి, కొన్ని ఆకుల ముక్కలు, వాటన్నిటి గుండా అటూ ఇటూ సాగిన సన్నటి తెల్లని పోగులు. మైకెన్ ఆ పోగుల మీదికి వంగింది. ముప్ఫై ఏళ్ళలో ఏ మగ్గం మీదా అంత సన్నటి నూలు ఆమె చూడలేదు.

"బూజుజాతివి ఇవి. సూదాకుల్ని కరిగించి, అందులోని సారం తిరిగి వేళ్ళకి అందిస్తాయి. ఈ కొండ రాయి నుంచి వచ్చేది చాలా తక్కువ మైకెన్. ఈ చెట్లు ఎక్కువగా బతికేది తాము రాల్చినదాని మీదే. ఈ ఏడు రాలింది ఎప్పుడో పదేళ్ళకి మళ్ళీ ఆకవుతుంది. మనం ఊడ్చి పారేస్తే వాన ఒక్కటే ఆపినట్టు కాదు, దాని నోటి దగ్గర కూడు లాక్కున్నట్టు."

మైకెన్ ఆ సంచీని రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు చూసింది. "మా మిల్లులో రాలిన దూది కూడా ఊడ్చి మళ్ళీ వడికేవాళ్ళం. అదే గొప్ప పొదుపనుకునేదాన్ని," అంది.

ఆ రోజునుంచి ఆమె కప్పుని దాన్ని మోసే దూలాల ప్రకారం గళ్ళుగా విడగొట్టుకుంది. ఏ గడి మీద రాలినవి ఆ గడి కిందే వేసేది. అన్నిటినీ కలిపి సమంగా చల్లితే సరిపోతుంది కదా అని ఎవరో అంటే ఒప్పుకోలేదు. ముసలి చెట్టు ఎక్కువ రాలుస్తుంది, పల్లపు చిత్తడి మీద చెట్లు తక్కువ కాబట్టి తక్కువ పడుతుంది, ఎవరి కంచంలోది వాళ్ళకే అంది. చలికాలం మంచు కప్పు మీద ఆగిపోతే, కింద యంత్రంతో శుభ్రమైన మంచు చిమ్మేవాళ్ళు. తెల్లారేసరికి ఆ మంచు మీద కుందేలు అడుగులు కనిపించేవి. కప్పు ఉందని దానికి తెలిసినట్టే లేదు.

అలా మూడేళ్ళు గడిచాయి. వాగునీళ్ళు అలాగే పుల్లగా ఉన్నాయి.

డీసాకి తెలుసు. నలభై ఏళ్ళుగా నేల మింగిన గంధకం ఊరికే పోదు, వాన ఆగినా లోపలిది మెల్లగా ఊరుతూనే ఉంటుందని చెప్పింది. ఇంకో సంగతి కూడా చెప్పింది. వానతో వచ్చే నత్రజనిలో ఒక్క చుక్క కూడా అడవి బయటికి వదలడంలేదట, అంతా పట్టి దాచుకుంటోందట. ఆ మాట చెప్పేటప్పుడు డీసా కళ్ళు మెరిశాయి. కానీ మైకెన్ గుండెకి అది చాల్లేదు. మార్చి నెలలో ఒక సాయంత్రం చలికి పగిలిన చేతులకి వెన్న రాసుకుంటూ, "ఇంత చేశాం. ఒక్క పిసరు తేడా లేదు ఈవాల్డ్," అని కళ్ళు తుడుచుకుంది. ఎప్పుడూ ఎగతాళి చేసే ఈవాల్డ్ ఆ రోజు ఆమె చేతులు దగ్గరికి తీసుకుని మిగిలిన వెన్న తనే రాశాడు.

మే నెల చివర డీసా నుంచి ఫోను వచ్చింది. వాగునీళ్ళలో పులుపు తగ్గింది! ఒక వారం కాదు, వరసగా మూడు వారాలు. పట్నంనుంచి ఈ పని మొత్తానికి పెద్దయిన ప్రొఫెసరు, పండగలకి చేసే ఆకుపచ్చ కేకు పట్టుకుని కారులో దిగాడు. పంపుషెడ్డులో కాఫీ పోసుకుని అందరూ ఒకరి భుజాలు ఒకరు తట్టుకున్నారు. మైకెన్ ఆనందంతో రెండు ముక్కలు తింది. డీసా కేకు ముట్టలేదు. కాగితాల మీదికి వంగి కూర్చుంది.

"ఏమైంది అమ్మాయ్, దిగులుగా ఉన్నావ్?"

"సున్నం పెరిగింది మైకెన్. నీళ్ళలో కాల్షియం. మనం చిమ్మే నీళ్ళలో అది దాదాపు లేదు. అది తగ్గుతూ రావాలి, పెరగకూడదు. ఎక్కడినుంచి వస్తోందో అర్థం కావట్లేదు."

ప్రొఫెసరు నవ్వేశాడు. "మంచి జరిగితే కూడా బెంగేనా? రాయి కరుగుతూ ఉండొచ్చు."

మైకెన్ చేతిలోని కాఫీ కింద పెట్టేసింది. ఎవరికీ చెప్పకుండా వాలు ఎక్కింది. మిల్లులో గుడ్డ చూసినట్టే, అడుగునుంచి మొదలుపెట్టి గడి తర్వాత గడి, వరస తర్వాత వరస చూసుకుంటూ పోయింది. ఆరు వరసల్లో ఏమీ లేదు. ఏడో వరసలో, పల్లపు చిత్తడి దగ్గర, ఆమె కాళ్ళు ఆగిపోయాయి. లేతపచ్చగా, ఉబ్బుగా ఉండాల్సిన తెల్లనాచు రెండు దుప్పట్లంత మేర మాడిపోయి పసుపుపచ్చగా ఉంది. ఒక చివర సన్నగా, రెండో చివర వెడల్పుగా, ఎవరో నిలబడి చేత్తో విసిరినట్టు. మోకాళ్ళ మీద కూర్చుని నాచు మధ్యనుంచి చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపింది. మెత్తటి తెల్లపిండి.

ఆ పిండి ఆమెకి కొత్తది కాదు. పక్క చెరువులో పులుపు విరవడానికి చేపలవాళ్ళ సంఘం పడవమీదనుంచి సున్నపురాయి పొడి చల్లుతుంది. ఆ పనికి వెళ్ళొచ్చినప్పుడల్లా ఈవాల్డ్ పంట్లాం దులిపేది తనే.

ఆమె అక్కడే ఒక మొద్దు మీద కూర్చుంది. కిందనుంచి నవ్వులు వినిపిస్తున్నాయి. తను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. సున్నం కొన్నాళ్ళకి తనే కొట్టుకుపోతుంది. ఇంట్లో గొడవ ఉండదు, ఉద్యోగమూ ఉంటుంది. కానీ మాడిన నాచు కళ్ళెదురుగా ఉంది. తప్పిన పోగుని చూసి కూడా వేలు పెట్టకుండా గుడ్డని పోనిచ్చిన రోజు ఆమె బతుకులో ఒక్కటీ లేదు.

ఇంట్లో ఈవాల్డ్ ఉడికించిన బంగాళాదుంపలు, ఉప్పుచేప బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. మైకెన్ అతని కంచం పక్కన ఆ చిటికెడు పిండి పోసింది. అతను చూశాడు. ఫోర్కు పక్కన పెట్టాడు.

"ఎన్ని బస్తాలు?"

"రెండు."

"ఎప్పుడు?"

"నువ్వు చర్చిలో పాటల సాధనకి వెళ్ళిన మంగళవారం." కంచం పక్కకి జరిపి, "నీ మొహం చూడలేకపోయానే. నువ్వు ఏడుస్తుంటే చూస్తూ కూర్చోవడం నాకు చేతకాదు. పక్క చెరువులో చల్లితే చేపలొచ్చాయి కదా, ఇక్కడ మాత్రం తప్పేంటనుకున్నా," అన్నాడు.

"చెరువుకి వైద్యం చేస్తున్నామేంటయ్యా మేమక్కడ? అడవిని అడుగుతున్నాం. అది ఏం చెబుతుందో వినడానికే కదా అంత కప్పు వేసింది! నువ్వెళ్ళి దాని నోట్లో నీ మాట కుక్కావ్."

"ఆ అమ్మాయి సంబరపడింది కదా..."

"ఆ అమ్మాయి కేకు ముట్టలేదు."

ఈవాల్డ్ కంచం పక్కన ఉన్న పిండిని కూడదీసి కాగితంలో పొట్లం కట్టాడు. "రేపు నేనే చెబుతా. నువ్వు చెప్పకు," అన్నాడు.

పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని, టోపీ చేత్తో పట్టుకుని, మైకెన్‌తో కలిసి వెళ్ళి పంపుషెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. ఒక్క ముక్క దాచలేదు. డీసా ఒక్క మాట తిట్టలేదు. పుస్తకం తెరిచి అడిగింది. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎన్ని కిలోలు, ఎక్కడ నిలబడ్డాడు, ఎటు విసిరాడు, తర్వాత కాళ్ళు ఎక్కడ కడిగాడు. అన్నీ రాసుకుంది. పుస్తకం మూసి షెడ్డు వెనక్కి వెళ్ళింది. ఆ మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకరివైపు ఒకరు చూసుకోకుండా నిలబడ్డారు.

తిరిగొచ్చేసరికి ఆమె చేతిలో బకెట్టు, మూడు టీ చెంచాలు ఉన్నాయి.

"పైన కనిపించే పొడి వరకూ ఏరదాం. నాచు పీకొద్దు, పీకితే అది ఇంకో దెబ్బ."

ముగ్గురూ చిత్తడి మీద పరిచిన చెక్కపలకల మీద బోర్లా పడుకున్నంత పనిచేసి, చెంచాలతో ఏరారు. మధ్యాహ్నం దాటిపోయింది. ఈవాల్డ్ అరవై రెండేళ్ళుగా ఈ నాచు తొక్కుకుంటూ తిరిగాడు కానీ జానెడు దూరంనుంచి ఎప్పుడూ చూడలేదు. మాడని చోట ప్రతి మొక్క తలా చిన్న నక్షత్రంలా ఉంది. వేలితో అదిమితే నీళ్ళు ఊరాయి, వేలు తీస్తే మళ్ళీ పీల్చుకుని లేచి నిలబడింది.

"ఇదెంత లోతుంటుంది?"

"ఇక్కడ రెండు మీటర్లు," అంది డీసా. "బతికేది పైన వేలెడే. దాని కింద ఉన్నదంతా చచ్చిపోయినదే, కానీ కుళ్ళదు, చెదరదు. నీళ్ళు పట్టి పైదాన్ని మోస్తూ ఉంటుంది. అడుగున ఉన్నది నాలుగు వేల ఏళ్ళ కిందటిది."

ఈవాల్డ్ చెంచా ఆపి, ఆ మాడిన మచ్చ వంక చూశాడు. "నాలుగు వేల ఏళ్ళు... నేను ఒక్క మంగళవారం..." అన్నాడు. మళ్ళీ చెంచాతో నాచు మీదికి వంగాడు. మైకెన్ అతని వీపు మీద చెయ్యి వేసింది. అంతదాకా ఆమెకి ఉన్న కోపం అక్కడితో తీరింది.

ప్రొఫెసరు ఫోనులో అరిచిన అరుపులు షెడ్డు బయటికి వినిపించాయి. మైకెన్‌ని వెంటనే పనిలోంచి పంపెయ్యమన్నాడు. డీసా నిదానంగానే జవాబు చెప్పింది.

"మీరూ నేనూ కాగితాల్లో చూశాం. ఆవిడ నేలమీద చూసింది. కట్టుకున్నవాడని కూడా చూడకుండా తీసుకొచ్చి నిలబెట్టింది. ఆవిణ్ణి పంపించేస్తే రేపు ఇంకేదైనా తప్పు జరిగితే నాకు చెప్పేదెవరు?" అవతల ఏమన్నారో. "అయితే నన్ను కూడా పంపెయ్యండి," అని ఫోను పెట్టేసింది. ఎవరినీ పంపలేదు.

వాగులో కాల్షియం మళ్ళీ పాత గీతకి దిగడానికి పద్దెనిమిది నెలలు పట్టింది. డీసా అచ్చువేసిన ప్రతి గ్రాఫులోనూ ఆ పద్దెనిమిది నెలల జాగా ఖాళీగా ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో, సున్నం పడింది, ఇంత మేర, ఈ తేదీన అని రాసి ఉంటుంది. ఈవాల్డ్ ఆ శరదృతువులో అడక్కుండానే చీపురు పట్టుకొచ్చాడు. మైకెన్ ఊడిస్తే అతను కింద పోసేవాడు. ఒకసారి రెండు గళ్ళ సంచులు కలిపేస్తే ఆమె మళ్ళీ విడదీయించింది.

"ఆ సూదాకు ఏ చెట్టుదో దాని మీద పేరు రాసుందా?"

"నాకు తెలుసు. నువ్వు వెయ్యి."

అతను సణుగుతూనే వేశాడు.

ఆరో ఏడు గంధకం నిజంగా తగ్గడం మొదలుపెట్టింది. ఎనిమిదో ఏటికి వాగులో అది మొదట ఉన్నదాంట్లో సగమైంది. చేపల మొప్పల్ని పాడుచేసే అల్యూమినియం కూడా తగ్గింది. నీళ్ళు మంచివయ్యాయని ఎవరూ అనలేదు. మెరుగయ్యాయి, అంతే. పూర్తిగా కోలుకోవడానికి ఇంకా ఒక మనిషి జీవితమంత కాలం పడుతుందని డీసా లెక్కగట్టింది. ఆ మాట విని మైకెన్ నిరుత్సాహపడలేదు. ఇన్నేళ్ళ దెబ్బ తిని, ఉన్న కాస్త సారాన్నీ ఆకునుంచి పోగుకీ, పోగునుంచి వేరుకీ చేతులు మార్చుకుంటూ నిలబడ్డ ఈ అడవిని చూస్తే ఆమెకి జాలికన్నా గౌరవమే ఎక్కువ కలిగింది. ఈలోగా దేశాలన్నీ ఒప్పందాలు చేసుకుని పొగ తగ్గించాయి. కప్పు మీద పడే వాన కూడా ఏటేటా తేటపడింది. పదో ఏట ఇక కప్పుతో పనిలేదని తేల్చారు.

సెప్టెంబరులో రేకులు విప్పారు. మైకెన్ మూడువందల ఎనభై బొందులూ తన చేత్తోనే విప్పింది. కొన్ని చెట్లు ఎంత లావయ్యాయంటే ఆఖరి కుచ్చిళ్ళు కూడా పూర్తిగా విచ్చుకుని ఉన్నాయి. బెరడు ఎక్కడా ఒరుసుకోలేదు. డీసా ఉత్తరాదిలో కొత్త పనికి వెళ్ళబోతోంది. సామాను కారులో పెట్టేసి కూడా వెళ్ళకుండా తిరుగుతోంది.

సోమవారం మధ్యాహ్నం వాన మొదలైంది. ముగ్గురూ పల్లపు చిత్తడి ఒడ్డున నిలబడ్డారు. ముందు చినుకులు పై కొమ్మల్లోనే ఆగిపోయాయి. చప్పుడు మాత్రం వినిపించింది. కాసేపటికి ఒక్కొక్క బొట్టే సూదాకుల చివరినుంచి జారి నాచు మీద పడసాగింది. ప్రతి బొట్టుకీ నాచు కొంచెం వంగి మళ్ళీ లేచింది.

"లోపలికి రండి మైకెన్, తడిసిపోతున్నారు," అంది డీసా.

"వస్తా, నువ్వెళ్ళు."

ఈవాల్డ్ తన టోపీ తీసి ఆమె తల మీద పెట్టాడు. ఆమె దాన్ని తీసి మళ్ళీ అతనికే ఇచ్చేసింది. వాన చిక్కబడేదాకా, వాగు చప్పుడు పెరిగేదాకా ఇద్దరూ అక్కడే నిలబడి చూశారు.